క్షితిజం: ఎక్కడి హద్దు, ఎప్పటి హద్దు?

తెలుగులో కీర్తి దిగంతాలకు పాకుతుంది. దిక్కులు అంతమయ్యే చోటే అయినా, మన నుడికారంలో దిగంతం చేరుకోగలిగిన చోటు. ఇంగ్లీషులో ఈవెంట్ హొరైజన్ అనే కృష్ణబిలం అంచుకు ఆ మాట కుదరదు. అక్కడికి పోవచ్చు, కబురు మాత్రం తిరిగి రాదు. అందుకే ‘ఘటనా దిగంతం’ కన్నా ‘ఘటనా క్షితిజం’ నాకు నచ్చుతుంది. పైగా క్షితిజానికి మన ఖగోళ గణితంలో పనిచేసిన అనుభవం ఉంది.

క్షితి అంటే నేల, క్షితిజం నేల నుంచి పుట్టినది. సిద్ధాంత గ్రంథాల్లో అది చూసేవాడి చుట్టూ నింగిని కోసే వలయం. ఊరు మారితే క్షితిజమూ మారుతుంది. భూమధ్యరేఖ మీది క్షితిజానికి ఉన్మండలమని వేరే పేరు పెట్టారు. ఆ రెంటి మధ్య దూరం దాటడానికి సూర్యుడికి పట్టే కాలమే చరం. ఊరూరికీ సూర్యోదయాన్ని సవరించేది దానితోనే. క్షితిజాలు ఒకటికి మించి ఉన్నాయని ఒప్పుకుని, దేని పేరు దానికి పెట్టి, మధ్య తేడాను లెక్కగట్టడం గొప్ప క్రమశిక్షణ. కృష్ణబిలాల విషయంలోనూ మనకు కావలసింది ఇదే.

ఘటనా క్షితిజం అన్న పేరును 1956లో వోల్ఫ్‌గాంగ్ రిండ్లర్ పెట్టాడు. అప్పుడు ఆయన చర్చించింది విస్తరించే విశ్వాన్ని, కృష్ణబిలాన్ని కాదు. ఇప్పటిదాకా వెలుగు మనల్ని చేరిన మేరకు ఒక క్షితిజం, ఎన్నటికీ చేరలేనిదానికి మరొకటి అని విడదీశాడు. కృష్ణబిలానికి దక్కింది ఈ రెండోది. ఆ నిర్వచనం బరువంతా ‘ఎన్నటికీ’ అన్న మాట మీదే ఉంది. ఒక చోటి నుంచి వెలుగు ఎప్పటికీ బయటపడదని తేల్చాలంటే, రాబోయే కాలమంతా తెలిసి ఉండాలి.

ఇది మాటల గారడీ కాదు. 1943లో పి.సి. వైద్య ప్రకాశించే నక్షత్రానికి కనుగొన్న పరిష్కారాన్ని తిప్పి, వెలుగు పొర లోపలికి కూలుతున్నట్టు రాసి చూడండి. ఆ పొర ఇంకా దూరంలో ఉండగానే, ఏమీ లేని ఖాళీ చోట ఘటనా క్షితిజం మొలిచి పెరుగుతుంది. అక్కడ ఉన్నవారికి ఏ గుర్తూ తెలియదు. రేపటి రాకకు అది ఇవాళే పెరుగుతోంది.

ఇవాళ ఉన్నదాన్ని బట్టి గీయగల హద్దుకు 1965లో రోజర్ పెన్రోజ్ దారి చూపాడు. బయటికి వదిలిన వెలుగు కూడా ముడుచుకుపోయే ఉపరితలాలు ఉంటాయన్నాడు. ఒక క్షణంలో అలాంటివాటికి బయటి అంచుగా నిలిచే హద్దును ఇంగ్లీషులో అపారెంట్ హొరైజన్ అంటారు. దీన్ని ‘ఆభాస క్షితిజం’ అని తెలుగు చేస్తే పెద్ద అన్యాయం. హేత్వాభాస, రసాభాస అన్న మాటల్లో ఆభాస అంటే ఉన్నట్టు తోచి లేనిది. ఈ హద్దు అలాంటిది కాదు. కాలాన్ని ఏ పొరలుగా కోస్తామన్న దాన్ని బట్టి కదులుతుందన్నది నిజమే. కానీ కంప్యూటర్లలో రెండు కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు ప్రతి క్షణం వెతికి పట్టుకునేది దీన్నే. ఘటనా క్షితిజాన్ని లెక్క ముగిశాక, వెనక్కి నడిచి గీస్తారు. భాస్కరాచార్యుడు ఆ క్షణపు వేగాన్ని తాత్కాలిక గతి అన్నాడు. ఆ దారిలో దీన్ని ‘తత్కాల క్షితిజం’ అందాం.

పేరు తేడా ఉష్ణగతిశాస్త్రంలోకి అడుగుపెట్టగానే ప్రాణాంతకమవుతుంది. ఘటనా క్షితిజపు వైశాల్యం తగ్గదని 1971లో హాకింగ్ చెప్పాడు. ఆ నిరూపణకు అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955 నాటి సమీకరణం ఊతం. అస్తవ్యస్తతకు కొలత అయిన ఎంట్రపీ కూడా తగ్గదు కదా, వైశాల్యమే ఎంట్రపీ కావాలని బెకెన్‌స్టీన్ పట్టుబట్టాడు. 1974లో హాకింగే కృష్ణబిలానికి ఉష్ణోగ్రత కట్టాడు. సూర్యుడంత ద్రవ్యరాశి ఉంటే అది ఒక కెల్విన్‌లో దాదాపు 1.6 కోట్లవ వంతు.

గురుత్వ తరంగాలను పట్టే లైగో 2025 జనవరి 14న విన్న రెండు కృష్ణబిలాల ఢీలో, విలీనానికి ముందు సుమారు 2.4 లక్షల చదరపు కిలోమీటర్లున్న క్షితిజాల మొత్తం వైశాల్యం తర్వాత 4 లక్షలైంది. సిద్ధాంతం గెలిచింది. అయితే అప్పుడు కొలిచింది మొదలూ చివరా మాత్రమే. స్థిరపడ్డ బిలానికి క్షితిజాలన్నీ ఒక్కచోటే కలుస్తాయి కనుక తగాదా లేదు. ఏదైనా లోపలికి పడుతున్న నడిమి క్షణంలో మాత్రం ఏ వైశాల్యాన్ని ఎంట్రపీ అనాలి? వేడి ఇప్పటి సంగతి. ఇంకా జరగని సంఘటనకు నేడే పెరిగే హద్దు దాన్ని మోయడం నాకు సబబుగా తోచదు.

2024లో హోలండ్స్, వాల్డ్, జాంగ్ ఇదే లెక్క తేల్చారు. సాధారణ సాపేక్షతలో, స్థిరస్థితి నుంచి కొద్దిగా కదిలిన బిలానికి ఘటనా క్షితిజపు వైశాల్యాన్ని నేరుగా తీసుకుంటే చాలదు, దానికో సవరణ చేయాలి. సవరించాక మొదటి మెట్టులో మిగిలేది తత్కాల క్షితిజపు వైశాల్యమే.