గడ్డిబండి – చెరకుబండి

పల్లెబండికి చిత్రకళలో గౌరవస్థానము కల్పించిన కృతులలో జాన్ కాన్‌స్టబుల్ అను ఆంగ్ల చిత్రకారుడు 1821లో రచించిన "గడ్డిబండి" అను తైలవర్ణచిత్రము ముఖ్యమైనది. సఫోక్ మండలమున స్టౌర్ నదిలో దిగిన గుఱ్ఱపుబండి, గట్టున నొక రైతు ఇల్లు, ఆవల గడ్డి కోయు కూలీలు, పైన మేఘములు: ఇంతియే విషయము. తన తండ్రికి మరలు గల ఆ తీరమును బాల్యమునుండి ఎఱిగిన కాన్‌స్టబుల్, అచ్చట గీసికొన్న చిత్తుల సాయముతో 6 అడుగుల వెడల్పుగల ఈ చిత్రమును లండనులో పూర్తిచేసెను. ఆ యేటి లండను ప్రదర్శనమున దానిని కొన్నవారు లేరు. 1824లో పారిస్ ప్రదర్శనమున దానికి స్వర్ణపతకము లభించెను. 1886 నుండి అది లండను జాతీయ చిత్రశాలలో నున్నది.

అయితే ఆ ప్రశాంతత సంపూర్ణసత్యము కాదు. 1815లో యుద్ధము ముగిసిన పిదప పని దొరకక, కూలి చాలక, తూర్పు ఇంగ్లండు కూలీలు 1816లోను, 1822లోను తిరుగబడి నూర్పిడి యంత్రములను పగులగొట్టిరి. చిత్రములో ఆ అలజడి జాడ లేదు. కూలీలు దూరమున చుక్కలవలె మాత్రమే కన్పట్టుదురు.

ఇది మనకు పాఠము. 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీటితో మన సీమలో చెరకు పెరిగెను. 1937లో స్థాపితమైన బోధను చక్కెర కర్మాగారము దానిని గానుగాడెను. 2015లో ఆ కర్మాగారము మూతపడెను. చెరకు నరికిన చేతులు, కాటా యెదుట వరుసతీరిన బండ్లు, ఇప్పుడు పెద్దల జ్ఞాపకములలోనే కలవు. పాత ఛాయాచిత్రములను, కాటాచీటీలను, ఆ పెద్దల మాటలను సేకరించి భద్రపరచుట గ్రంథాలయ ధర్మము. మన చిత్రములో కూలీలు చుక్కలుగా మిగులరాదు.