నౌకరీయా, తిజారతా? కాకినాడ నేర్పిన పాఠం

మన ఇళ్ళల్లో పిల్లవాడు పదో తరగతి ప్యాసైతే చాలు, "బేటా, ఏ నౌకరీ చూస్తావు?" అని అడుగుతాము. దుకాణం పెడతానంటే మాత్రం "తిజారత్ గుణం పుట్టుకతో రావాలి, అది మన ఖాన్‌దాన్‌లో లేదు" అని నోరు మూయిస్తాము. ఈ మాట ఎంతవరకు నిజం? జవాబు మన తెలుగునాటి చరిత్రలోనే ఉన్నది.

అమెరికాలో డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఏదైనా సాధించాలనే తపన గలవారే వ్యాపారంలో రాణిస్తారని ఆయన 1961లో ఒక గ్రంథం వ్రాశాడు. ఆ తపనను పెద్దవాళ్ళకు నేర్పవచ్చునా అని పరీక్షించడానికి కాకినాడను ఎన్నుకున్నాడు. 1964-65లో అక్కడి వ్యాపారులు జట్లు జట్లుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ 'సియెట్'కు వచ్చి, సుమారు పది రోజులు శిక్షణ పొందారు.

అక్కడ ఒక ఆట ఆడించేవారు. మేకుకు రింగు వేయాలి. ఎంత దూరంలో నిలబడేదీ ఎవరిష్టం వారిది. మరీ దగ్గరైతే గొప్ప లేదు, మరీ దూరమైతే అంతా అదృష్టమే. తన శక్తికి తగిన దూరం ఎంచుకునేవాడే వ్యాపారి అని దీని సారాంశం.

1969లో ఫలితాలు వెలువడ్డాయి. శిక్షణ పొందినవారిలో దాదాపు సగంమంది కొత్త ప్రయత్నాలకు పూనుకున్నారు. శిక్షణ లేనివారిలో సుమారు నాలుగోవంతు మాత్రమే. అయితే ఒక షరతు ఉన్నది. తన వ్యాపారంలో తానే నిర్ణయం చేయగల స్థానంలో ఉన్నవారే ఎక్కువగా ముందుకు పోయారు. అంటే గుణం ఒక్కటే చాలదు, చేతిలో అధికారం కూడా కావాలి.

చేసే వృత్తి నుండే వ్యాపారం పుట్టడం మనకు కొత్తా? 1920లో హైదరాబాదులో 'జిందా తిలిస్మాత్' ప్రారంభించిన మొయిజుద్దీన్ ఫారూఖీగారు హకీము కదా!

నేనూ ఒక తప్పు చేశాను. చేతిలో మంచి హునర్ ఉన్న ఒక శిష్యుడు వెల్డింగ్ షాపు పెడతానని సలహాకు వస్తే, "ముందు నౌకరీ చూసుకో" అన్నాను. నా మాట విని ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టాడు. షాపూ లేదు, నౌకరీ రాలేదు. ఇప్పుడు ఇంకొకరి షాపులో రోజుకూలి.

తల్లిదండ్రులారా! మీ పిల్లవాడు అట్లా అడిగిననాడు "నీవల్ల కాదు" అనకండి. చిన్న మొత్తమైనా చేతికిచ్చి, లెక్క వాడినే చూసుకోనివ్వండి.