ఇస్రో 'నాటీ బాయ్' జీఎస్‌ఎల్‌వీ.. ఫెయిలైన ప్రతిసారీ తేడా ఎక్కడ కొట్టింది?

2025 జులై 30, సాయంత్రం 5.40. శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 నింగిలోకి దూసుకెళ్లింది. లోపల ఉన్నది నాసా, ఇస్రో కలిసి తయారు చేసిన నిసార్ ఉపగ్రహం. ఖర్చు సుమారు 150 కోట్ల డాలర్లు. అంత ఖరీదైన శాటిలైట్‌ను మోసుకెళ్లింది మాత్రం ఒకప్పుడు 'నాటీ బాయ్' అని పేరు పడ్డ రాకెట్టే.

ఆ పేరు ఊరికే రాలేదు. 2001 ఏప్రిల్ 18న తొలిసారి ఎగిరిన జీఎస్‌ఎల్‌వీకి నిసార్ 18వ ప్రయోగం. వాటిలో నాలుగుసార్లు ఉపగ్రహం పూర్తిగా చేజారింది. తొలి ప్రయోగంలోనూ జీశాట్-1 అనుకున్న కక్ష్యకు చేరలేదు.

క్రయోజెనిక్ ఎందుకంత కష్టం?

రాకెట్ మూడో దశలో వాడే ద్రవ హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఈ టెక్నాలజీ కోసం 1991లో రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం కుదిరింది. అమెరికా అడ్డు చెప్పింది. దాంతో 1993లో రష్యా వెనక్కి తగ్గి, రెడీమేడ్ స్టేజ్‌లు మాత్రమే ఇస్తామంది. తయారీ మనమే నేర్చుకోవాల్సి వచ్చింది.

సొంత క్రయోజెనిక్ స్టేజ్‌తో తొలి ప్రయత్నం 2010 ఏప్రిల్ 15న. ఇంధనాన్ని తోసే చిన్న టర్బో పంప్ ఆగిపోయింది, జీశాట్-4 పోయింది. అలాగని ఫెయిల్యూర్లన్నీ మన క్రయోజెనిక్ ఖాతాలో వేయడం కరెక్ట్ కాదు. 2006లో దెబ్బతీసింది పక్కనుండే నాలుగు బూస్టర్లలో ఒకటి. 2010 క్రిస్మస్ రోజు రష్యా స్టేజ్ దగ్గరి కనెక్టర్లు ఊడిపోవడంతో కంట్రోల్ తప్పింది. రాకెట్‌ను గాల్లోనే పేల్చేయాల్సి వచ్చింది.

2013 ఆగస్టు 19న ఇంకో 74 నిమిషాల్లో ప్రయోగం ఉందనగా రెండో దశలో ఇంధనం లీకవుతున్నట్టు గుర్తించారు. కౌంట్‌డౌన్ ఆపేశారు. రాకెట్‌ను వెనక్కి తీసుకెళ్లి, కొత్త ట్యాంక్‌తో రెండో దశను మళ్లీ సిద్ధం చేశారు. అదే రాకెట్ 2014 జనవరి 5న సొంత క్రయోజెనిక్‌తో జీశాట్-14ను కక్ష్యలో పెట్టింది. జీఎస్‌ఎల్‌వీ కథ మలుపు తిరిగింది అక్కడే.

అయినా 2021 ఆగస్టు 12న మళ్లీ దెబ్బ తగిలింది. ఒక వాల్వ్ లీకై హైడ్రోజన్ ట్యాంక్‌లో ప్రెషర్ పడిపోయింది. వాల్వ్‌లోని మెత్తటి సీల్ దెబ్బతిని ఉండొచ్చని విచారణ కమిటీ తేల్చింది. అంత చిన్న ముక్క ఈఓఎస్-03 ఉపగ్రహాన్ని మింగేసింది!

ఆ తర్వాత నిసార్ దాకా వరుసగా నాలుగు సక్సెస్‌లు. అందులో 2025 జనవరి 29 నాటిది శ్రీహరికోట నుంచి 100వ ప్రయోగం. అప్పుడు రాకెట్ తన పని సరిగ్గానే చేసింది. ఎన్‌వీఎస్-02 ఉపగ్రహంలోని వాల్వ్ తెరుచుకోక అది పై కక్ష్యకు వెళ్లలేకపోయింది. ఈసారి తప్పు 'నాటీ బాయ్'ది కాదు.

నిసార్‌కు మరో సవాల్ ఉంది. సూర్య అనువర్తిత ధ్రువ కక్ష్యకు జీఎస్‌ఎల్‌వీ వెళ్లడం అదే మొదటిసారి. బయల్దేరిన సుమారు 19 నిమిషాలకు 2,393 కిలోల ఉపగ్రహాన్ని 740 కిలోమీటర్లకు పైగా ఎత్తులో వదిలింది.