నదిని జరిపిన మురుగు

లండన్‌లో చారింగ్ క్రాస్ స్టేషన్ పక్క తోటలో ఒక రాతి ద్వారం ఉంది. 1626లో బకింగ్‌హామ్ డ్యూక్ భవంతి నుంచి దిగి నేరుగా పడవ ఎక్కడానికి కట్టింది. ఇప్పుడు దాని ముందు చుక్క నీరు లేదు. థేమ్స్ దాదాపు 140 మీటర్ల అవతల పారుతోంది. నది తనంతట తాను జరగలేదు, మనుషులే జరిపారు. అదీ మురుగు కోసం.

పంతొమ్మిదో శతాబ్దం నడిమికి లండన్ జనాభా ఇరవై లక్షలు దాటింది. వాళ్లందరి మురుగూ థేమ్స్‌లోకే. లండన్ దగ్గర థేమ్స్‌కు సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి. పాటుకు కిందికి పోయిన మలినం పోటుకు మళ్లీ ఊళ్లోకి వచ్చేది. 1858 వేసవిలో కంపు భరించలేక నది ఒడ్డునున్న పార్లమెంటు తెరలను బ్లీచింగ్ ద్రావణంలో తడిపి వేలాడదీశారు. ఏళ్ల తరబడి నానుతున్న వ్యవహారం ఆ ఆగస్టుకల్లా చట్టమైంది. తమ ముక్కుకు తగిలితే సభ్యులు ఎంత చురుగ్గా కదులుతారో!

పని జోసెఫ్ బజల్జెట్ అనే ఇంజనీరు చేతిలో పడింది. పాత కాలువలు నదిలో కలవకముందే అడ్డంగా పట్టుకుని, మురుగును ఊరికి తూర్పున దూరంగా వదలాలన్నది ఆయన పథకం. ఇందుకు 82 మైళ్ల పెద్ద సొరంగ కాలువలు కావాలి. అన్నిటికన్నా పల్లంలో పోయే ఉత్తరపు కాలువతోనే చిక్కొచ్చింది. దాన్ని స్ట్రాండ్ వీధి కింద తవ్వితే నగరపు ప్రధాన బజారు ఏళ్ల పాటు మూతపడుతుంది. అందుకని బజల్జెట్ నదిలోకే జరిగాడు. నీటికి అడ్డుకట్టలు వేసి, నీళ్లు తోడి, గ్రానైట్ గోడ లేపి, వెనక బురదనేలను పూడ్పించాడు. వెస్ట్‌మినిస్టర్ నుంచి బ్లాక్‌ఫ్రయర్స్ దాకా సుమారు 37 ఎకరాలు తేలాయి. ఆ పూడిక కడుపులో మురుగు కాలువ, గ్యాసు, నీటి గొట్టాలకు ఒక సొరంగం, భూగర్భ రైలు మార్గం; పైన చెట్లు, దీపాలు, విశాలమైన రోడ్డు. 1870 జులైలో ప్రారంభమైన విక్టోరియా ఎంబాంక్‌మెంట్ ఇదే. ఒకే తవ్వకంలో ఇన్ని పనులు ఇమిడ్చిన ఆ పొదుపే నాకు గోడ అందం కన్నా గొప్పగా తోస్తుంది.

చిత్రమేమిటంటే, ఈ ఖర్చుకు ఒప్పుకున్న పెద్దల్లో చాలామంది కలరా దుర్వాసన వల్లే వస్తుందని నమ్మినవాళ్లు. కారణం తప్పు, మందు మాత్రం సరైనదే. 1866లో కలరా మళ్లీ విరుచుకుపడినప్పుడు ఎక్కువగా చనిపోయింది కొత్త కాలువలు ఇంకా అందని ఈస్ట్ ఎండ్ జనమే.

అయితే మురుగు మాయం కాలేదు, తూర్పుకు జరిగిందంతే. 1878 సెప్టెంబరు 3న ప్రిన్సెస్ ఆలిస్ అనే విహార నౌక వూలిచ్ దిగువన మరో ఓడను ఢీకొని మునిగింది. ఆరు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లు పడింది కొత్త కాలువలు నదిలో కలిసే బార్కింగ్, క్రాస్‌నెస్ తూముల నుంచి అప్పుడే వదిలిన మురుగులో. ఆ తర్వాతే మడ్డిని వేరుచేసి ఓడల్లో సముద్రానికి మోసుకెళ్లే ఏర్పాటు జరిగింది. 1887లో ఆ పనికి దిగిన మొదటి ఓడకు బజల్జెట్ పేరే పెట్టారు.