బొగ్గుగనికి పోయిన మా ముత్తాత

పరిశుద్ధ గ్రంథములో వంశావళులు వచ్చినపుడు మనలో అనేకులము పుటలు త్రిప్పివేయుదుము. ఎవరు ఎవరిని కనిరో తెలిసినందున మనకు కలుగు లాభమేమి యని తలంతుము. నేనును అట్టివాడనే. చెరనుండి తిరిగి వచ్చినవారిలో కొందరు తమ వంశపు పద్దు వెదకి కానలేక యాజక ధర్మమునకు దూరమైరని ఎజ్రా గ్రంథమున చదివినపుడు, వ్రాతలో పేరు లేకపోవుట అంత పెద్ద సంగతియా యని అనుకొంటిని. మా ఇంటి ట్రంకుపెట్టె తెరచిన దినమున ఆ సంగతి నాకు బోధపడినది.

మాది సిద్దిపేట ప్రాంతము. మా తాతగారి తండ్రి సింగరేణి బొగ్గుగనులలో పనిచేసెనని ఇంట అందరకు తెలియును. తక్కిన కథ మంచిది కాదు. మా మేనత్త దానిని ఒక్క మాటతో ముగించెడిది: "కడుపుతోని ఉన్న పెండ్లాన్ని ఇడిసిపెట్టి బొగ్గుబాయికి పోయిండు బిడ్డా, మళ్ల రాలె." మా తాతగారు తన తండ్రినిగూర్చి ఒక్కనాడును నోరు విప్పలేదు. ఆయన ఏడేండ్ల బాలుడై యుండగా తల్లి చనిపోయెను. పిమ్మట మిషను బోర్డింగులో పెరిగెను. కావున తండ్రి కథ ఆయనకు ఇరుగుపొరుగు వారి నోటనే వచ్చినది. ఊరిలో మాట పట్టింపు వచ్చినప్పుడెల్ల, "ఆలిని విడిచి పోయినవాని సంతతి" అని మమ్ము దెప్పుచుండిరి. అది నిజమేనని మేమును తలవంచుకొంటిమి.

తాతగారు పోయిన చాలకాలమునకు పెట్టె నా చేతికి వచ్చెను. అందులో మూడు వస్తువులు నా కంటబడినవి. మొదటిది, పెండ్లినాడు మిషనువారు మా ముత్తాతకు ఇచ్చిన బైబిలు. రెండవది, నాలుగు మడతలు పెట్టిన ఉర్దూ దస్తావేజు. మూడవది, రూపాయికంటె కొంచెము పెద్దదైన ఇత్తడి బిళ్ల. దానిమీద 417 అను అంకె తప్ప మరేమియు లేదు. చిన్ననాడు దానిని కచేరీ బంట్రోతు బిళ్ల యనుకొని మేము ఆడుకొనెడివారము.

బైబిలు మొదటి ఖాళీ పుటమీద ఆనాటి ఉపదేశి చేతివ్రాతతో రెండు పంక్తులు గలవు. 1920 నవంబరులో కుమారుడు పుట్టెననునది మొదటిది. 1330 ఫసలీ అర్దిబిహిష్తు మాసమున తండ్రి బొగ్గుగనికి వెళ్లెననునది రెండవది. ఆ 1330 ప్రక్కను తరువాతి వారెవరో పెన్సిలుతో 1920 అని వ్రాసిరి. మా ఇంటి అపకీర్తికి ఈ పెన్సిలు వ్రాత సాక్ష్యమై కూర్చున్నది. 1920లో ఎండకాలము రాకముందే వెళ్లినవాడు నవంబరులో పుట్టిన బిడ్డను చూచియుండడు గదా!

పాత కాగితములు చూచువారికి ఇచ్చట ఒక మాట చెప్పవలెను. నిజాము రాజ్యములో ప్రభుత్వపు లెక్కలు ఫసలీ సంవత్సరముతో నడిచినవి. ఆ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన ఆజూరు మాసముతో ఆరంభమగును. దానిని క్రీస్తు శకమునకు మార్చుటకు 590 కలుపవలెనని పెద్దలు చెప్పుదురు. అది అక్టోబరు మొదలు డిసెంబరు వరకే చెల్లును. జనవరి వచ్చినది మొదలు 591 కలుపవలెను. (మద్రాసు రాజధానిలోని ఫసలీ జూలై 1న మొదలగును, కోస్తా జిల్లాల కుటుంబములవారు ఆ భేదము మరువరాదు.) అర్దిబిహిష్తు ఆరవ మాసము. అది సుమారుగా మన మార్చి. కావున 1330 అర్దిబిహిష్తు అనగా 1920 కాదు, 1921 మార్చి. పెన్సిలు పట్టినవారు ఒక్కటి తక్కువ కలిపిరి.

నా చేయి వణకినది. అయినను ఒక్క లెక్కను నమ్మి ఊరుకొనరాదని సంఘపు పుస్తకములు చూడబోయితిని. సిద్దిపేట ప్రాంతమున మొదట పనిచేసినది వెస్లియను మిషను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు ఆ సంఘములు అందులో చేరినవి. పాత బాప్తిస్మపు రిజిస్టరులో తేదీ, బిడ్డ పేరు, తలిదండ్రుల పేర్లు, నివాసము, తండ్రి వృత్తి అను గడులు గలవు. 1921 జనవరి పుటలో మా తాతగారి పేరు దొరికినది. తండ్రి వృత్తి అనుచోట "కూలి" అని యున్నది. బిడ్డ పుట్టి, బాప్తిస్మము పొంది, నాలుగు నెలలవాడైన పిదపనే తండ్రి ఇల్లు కదలెను.

అంతటితో పుస్తకము మూయబోయి, మరి కొన్ని పుటలు త్రిప్పితిని. 1924లో అవే తలిదండ్రుల పేర్లు మరల కనబడినవి. ఒక ఆడుబిడ్డకు బాప్తిస్మము. తండ్రి వృత్తి ఈసారి "బొగ్గుగని కూలి". ఆ బిడ్డ అదే సంవత్సరమున చనిపోయినట్లు సమాధుల పుస్తకము చెప్పుచున్నది. మా తాతగారికి ఒక చెల్లెలు ఉండెనని మా ఇంట ఎవరును ఎరుగరు. మళ్లీ రాలేదన్న మనిషి వచ్చినాడు, ఇంట నుండినాడు, ఒక బిడ్డను ఎత్తుకొన్నాడు.

మరి వెళ్లుట ఎందుకు? దీనికి ఉత్తరము ఉర్దూ కాగితములో నున్నది. 1884 మొదలు హైదరాబాదు రాజ్యమున ఉర్దూ పరిపాలన భాష. పల్లెలోని కూలివాడు తనకు రాని భాషలో వ్రాసిన కాగితముపై వ్రేలిముద్ర వేయవలసినదే. పదవీ విరమణ చేసిన ఒక వృద్ధ ఉపాధ్యాయుడు నాకు దానిని చదివి చెప్పెను. 1328 ఫసలీ బహమన్ మాసమున, అనగా 1918 డిసెంబరులో, 84 రూపాయలు హాలీ సిక్కా అప్పు. హాలీ ఏడు రూపాయలు కల్దారు ఆరింటికి సమానము గనుక ఆంగ్ల ప్రభుత్వపు నాణెములో 72 రూపాయలు. ఆ సంవత్సరమే విషజ్వరము దేశమంతటను జనులను తుడిచిపెట్టినది; వెంటనే కరవు వచ్చినది. దస్తావేజులో ఆయనకు మిషనువారు పెట్టిన పేరు లేదు, తలిదండ్రులు పెట్టిన పాత పేరే యున్నది. తండ్రి పేరు, ఊరి పేరు కలియుటచేత మనిషి ఒక్కడేయని తెలిసినది.

ఆ కాలపు అప్పు ఎట్టిదో తెలియనివారికి భాగేలా అను మాట చెప్పవలెను. అప్పు తీర్చలేని కూలివాడు దొర ఇంటనో షావుకారు ఇంటనో జీతమునకు కుదురును. వడ్డీ పెరుగును, పని తరుగదు. తండ్రి పోయిన కుమారుడు ఆ కాడి క్రిందికి వచ్చును. దానిని కట్టడి చేయుటకు హైదరాబాదు ప్రభుత్వము భాగేలా ఒప్పందముల నిబంధన చేసినది 1936లో మాత్రమే. ఆ దినములలోనే మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు కరవు పీడితులకు పని కల్పించుచు గొప్ప దేవాలయము కట్టించుచుండిరి. 1914లో మొదలైన ఆ కట్టడము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. కరవు పనిలో కడుపు నిండునేమో గాని 84 రూపాయల బాకీ తీరదు. నగదు కూలి దొరకు చోటు బొగ్గుగని.

సిద్దిపేటకు రైలుబండి వచ్చినది 2023 అక్టోబరు 3న. 1921లో రైలెక్కవలెనన్న చేర్యాల మీదుగా జనగామకు నడువవలెను. అది రెండు దినముల నడక. అచ్చటినుండి కాజీపేట, వరంగల్లు, మానుకోట దాటి డోర్నకల్లు. భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పైన అజరయ్య గారు 1912 మొదలు ఆ డోర్నకల్లు అధ్యక్షులు. అక్కడ బండి మారి శాఖా మార్గమున ఇల్లెందు చేరవలెను. ఆ ఊరిని జనులు బొగ్గుట్ట యందురు.

ఇల్లెందు దగ్గర బొగ్గును 1871లో భూగర్భశాస్త్ర శాఖవారైన డాక్టరు విలియం కింగ్ కనుగొనెను. ఒక బొగ్గు పొరకు కింగ్ సీమ్ అని ఆయన పేరే పెట్టిరి. 1886లో ఇంగ్లండునందలి హైదరాబాదు దక్కన్ కంపెనీ గనుల హక్కు పొందెను; 1889లో త్రవ్వకము సాగెను. ఆ హక్కుల వ్యవహారముపై 1888లో బ్రిటిషు పార్లమెంటు ఒక కమిటీని వేసి విచారించెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులను తీసికొనెను. మా ముత్తాత అచ్చటికి చేరినది దాని తరువాత మూడు మాసములకే. కంపెనీ పుట్టిన తేదీ అందరకు తెలియును. బొగ్గు పొరకును పేరు గలదు. లోపల పనిచేసినవానికి మిగిలినది బిళ్లమీది అంకె.

ఆ బిళ్ల ఉపయోగము ఏమనగా, గనిలోనికి దిగినవారెందరో, పైకి వచ్చినవారెందరో దానివలన లెక్క తేలును. ఆయన పని ఫిల్లరు పని. మందు పెట్టి పేల్చగా రాలిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకెత్తి టబ్బులో నింపుట. పైకప్పు కూలకుండ బొగ్గునే స్తంభములుగా విడిచి, వాటి నడుమ దారులు చేసికొని ముందునకు పోవుదురు. తట్టా చెమ్మస్ అను మాట సింగరేణి ఇండ్లలో నేటికిని వినబడును. యోబు గ్రంథము 28వ అధ్యాయములో, మనుష్య సంచారమునకు దూరముగా భూమిలోనికి దిగి చీకటిలో వెదకువారి వర్ణన యున్నది. ఇన్నాళ్లు దానిని జ్ఞానమునుగూర్చిన అధ్యాయమనియే చదివితిని. ఇప్పుడు అందులోని పనివాడు నాకు కనబడుచున్నాడు.

ఉర్దూ కాగితము వెనుక ప్రక్క తెలుగులో పదునొకండు చెల్లులు గలవు. షావుకారు గుమాస్తా వ్రాతలవి. అయిదు రూపాయలు, ఎనిమిది రూపాయలు, ఒకచోట మూడే రూపాయలు. 1924లో, బిడ్డ పోయిన సంవత్సరము, ఒక్క చెల్లును లేదు. కడపటిది 1335 ఖుర్దాదు, అనగా 1926 ఏప్రిలు. దాని క్రింద వడ్డీతో సహా బాకీ చెల్లెనని వ్రాసి, కాగితపు కొన చింపి ఇచ్చిరి. అసలు కాగితము మా పెట్టెలోనికి ఎట్లు వచ్చెనో దీనివలన తెలియుచున్నది. బాకీ తీరనిచో అది షావుకారు పెట్టెలోనే యుండును.

పిమ్మట నేను ఇల్లెందు వెళ్లి అక్కడి ఒక సంఘపు సమాధుల పుస్తకము చూచితిని. 1926 ఆగస్టు. పేరు, తండ్రి పేరు, సిద్దిపేట తాలూకా, ఫిల్లరు, జ్వరము. ఒక్క పంక్తి. ఆయన తిరిగి రాకపోవుట నిజమే. అయితే బాకీ తీరిన నాలుగు మాసములకు ఆయన అక్కడి మట్టిలో కలిసెను. తోటివారెవరో ఆ ఇత్తడి బిళ్లను ఇంటికి చేర్చియుందురు. ఆయన కుమారునికి అప్పుడు ఆరవ యేడు నడుచుచున్నది. జీతగాని పనికి పసులవెంట పంపు వయస్సది. మా తాతగారు పసుల వెంట పోలేదు, పలక పట్టుకొని బడికి పోయెను. దాని వెల ఆ పదునొకండు చెల్లులు.

ఇంగ్లండులో గని పనివారినిగూర్చిన ప్రభుత్వ విచారణ నివేదిక 1842లో వెలువడినపుడు పిల్లల సాక్ష్యములను సహితము పేరుతో, వయస్సుతో అచ్చువేసిరి. ఆ దేశపు జనాభా లెక్కల పుటలను నూరేండ్లు గడచిన పిదప ఎవరైనను చూడవచ్చును. 1921 నాటివి 2022లో తెరచిరి. మన దేశమున 1948 నాటి చట్టము ప్రకారము ఒక్కొక్కరి లెక్క రహస్యము; మనుమలకును చూపరు. కావున మన పేదల చరిత్ర ప్రభుత్వపు అలమరలో దొరకుట అరుదు. అది సంఘపు రిజిస్టరులో, బైబిలు ఖాళీ పుటలో, చినిగిన బాకీ కాగితములో నున్నది. చెదలు పట్టక ముందే దానిని చూడవలెను.

ప్రియ చదువరులారా, మీ ఇంటను ఇట్టి పెట్టె యుండవచ్చును. ముందు ఇంటి వృద్ధులను అడుగుడి. వారు చెప్పినది తేదీ వేసి వ్రాసికొనుడి. అయితే దానినే తీర్పుగా కొనకుడి. బాప్తిస్మమునకు ముందరి పేరేదో తెలిసికొనుడి. చదువరాని భాషలోని కాగితమును పారవేయక, చదువగలవారిని వెదకుడి. ఫసలీ సంవత్సరమైనచో మాసము చూచి కలుపుడి. మా ఇంట ఒక్క అంకె తప్పుటచేత నూరేండ్లు ఒక మనుష్యుడు దోషిగా నిలిచెను.

మొన్న మేనత్తను కూర్చుండబెట్టి కాగితములన్నియు చదివి వినిపించితిని. ఆమె చాలసేపు ఊరకుండెను. తరువాత ఇత్తడి బిళ్లను కొంగుతో తుడిచి, "ఆ పిల్ల పేరేందన్నవు?" అని అడిగెను. చెప్పితిని. ఆ సాయంకాలము పాత బైబిలు ఖాళీ పుటలో పెన్సిలు అంకెను చెరిపి 1921 అని సిరాతో వ్రాసితిని. దాని క్రింద 1924 వేసి, మా తాతగారి చెల్లెలి పేరు వ్రాసితిని.