ఏడవని పిల్లల నొప్పి

లాగ్ ఫైల్లో ఒక్క ఎర్రరూ లేకపోతే ప్రోగ్రాం బాగా నడుస్తున్నట్టేనా? ప్రొడక్షన్లో ఒక్కసారి దెబ్బతిన్నవాడెవడూ ఔననడు. అసలు లాగింగే ఆపేసి ఉండొచ్చు కదా! కెనడా ఆదివాసీ పిల్లల గురించి చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది.

పిల్లల నొప్పి కొలవడానికి ఆసుపత్రుల్లో ఆరు మొహాల బొమ్మలున్న స్కేలు ఒకటి వాడతారు. 1980లలో అమెరికాలో తయారైంది. నవ్వే మొహం సున్నా, కన్నీళ్ళ మొహం పది. బాగానే ఉంది. కానీ నొప్పిని పైకి కనపడనివ్వకూడదని ఇంట్లో చూసి నేర్చుకున్న పిల్లాడు ఏ బొమ్మ చూపిస్తాడు?

ఆ మౌనానికి స్కూళ్ళొక్కటే కారణం అనను గానీ, వాటి పాత్ర చిన్నదేం కాదు. 19వ శతాబ్దం చివరినుంచి ప్రభుత్వం, చర్చిలు కలిసి లక్షా యాభై వేలమందికి పైగా ఆదివాసీ పిల్లల్ని రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. క్షయతో పిల్లలు రాలిపోతున్నారని పీటర్ బ్రైస్ అనే ప్రభుత్వ వైద్యాధికారి 1907లోనే నివేదిక ఇచ్చాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రిటైరయ్యాక 1922లో ఆయనే ఆ గోడంతా పుస్తకంగా అచ్చేశాడు. చివరి స్కూళ్ళు మూతపడింది మాత్రం 1990లలో!

పోనీ ఆసుపత్రులు? "ఇండియన్ హాస్పిటల్స్" అని విడిగా ఉండేవి (మన ఇండియన్లకి కాదు లెండి). 1946లో ఎడ్మంటన్‌లో తెరిచిన చార్లెస్ క్యామ్సెల్ అలాంటిదే. క్షయ వచ్చిన పిల్లలు అమ్మానాన్నలకు దూరంగా నెలలూ ఏళ్ళూ అలాంటి చోట్లే గడిపారు. ఇవాళ ఒక అమ్మమ్మ మనవణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి జంకితే అది మూఢనమ్మకం కాదు, అనుభవం.

తూర్పు తీరంలోని మిక్‌మా పిల్లల దగ్గర పరిశోధకులు వేరే దారి పట్టారు. బొమ్మలు గీయించారు, మాట్లాడించారు. ఒంటి నొప్పితో పాటు ఒంటరితనం, దిగులు కూడా బయటికొచ్చాయి. ఆ ప్రాంతంలోనే 2018లో వచ్చిన అధ్యయనం ప్రకారం, నొప్పికి సంబంధించిన జబ్బులు ఆదివాసీ పిల్లల్లోనే ఎక్కువ. స్పెషలిస్టు దాకా వెళ్ళేది మాత్రం తక్కువ.

ఇలాంటి సమస్యకే న్యూజీలాండ్ మావోరీ నర్సులు 1980ల చివర్లో ఒక మాట పుట్టించారు: సాంస్కృతిక భద్రత. దాన్ని సిద్ధాంతంగా మలిచింది ఇరిహపేటి రామ్స్‌డెన్. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని చదువులో చేర్చింది. నాలుగు ఆచారాలు బట్టీపట్టడం కాదు దీని అర్థం. వైద్యం భద్రంగా జరిగిందా లేదా అన్నది చేసినవాళ్ళు కాదు, చేయించుకున్నవాళ్ళు తేల్చాలి. యూజర్ ఔనంటేనే రిలీజ్ అన్నమాట.

మెడికల్, నర్సింగ్ విద్యార్థులందరికీ రెసిడెన్షియల్ స్కూళ్ళ చరిత్ర చెప్పాలని కెనడా సత్య, సయోధ్య కమిషన్ 2015లో అడిగింది. డాక్టరుకి చరిత్రెందుకండీ అంటారా? ఎదురుగా మౌనంగా కూర్చున్న పిల్లాడి పేరు పక్కన "నొప్పి: సున్నా" అని రాసేయకుండా ఉండటానికి!