మృగంగా మారినవాడి మొదటి ముద్ద

అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఆఫీసు లాబీల్లో అట్ట గబ్బిలాలు వేలాడతాయి. దసరా నాటి జమ్మి ఆకు పర్సులో ఇంకా ఎండకముందే, క్యాబ్ దిగే కుర్రాళ్లు తోడేలు మాస్కులు తగిలించుకుంటారు. హాలోవీన్‌కి ఓ చారిత్రక వ్యాసం కావాలని, గురువారం సాయంత్రానికల్లా పంపాలని డెస్కు నుంచి కబురొచ్చింది. విషయం కూడా వాళ్లదే: కథల్లో మనిషి తోడేలు మనుషుల్ని తింటుందా, తినదా?

తింటుందని ఒక్క ముక్కలో తేల్చేస్తే పేజీ నిండదు. పైగా పాత కథల్ని అడిగితే అవి ఆ మాట అనవు.

రెండు వేల ఏళ్ల కిందట రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో లైకాన్ అనే రాజు సాక్షాత్తూ దేవుడికే నరమాంసం వండించి పెడతాడు. దానికి శిక్షగా తోడేలైపోతాడు. అయ్యాక చేసిన ఘనకార్యం గొర్రెల మంద మీద పడటం! మనిషిగా ఉన్నన్నాళ్లే ఆ వంటకం. మృగమయ్యాక మామూలు మేతకు దిగిపోయాడు. పెట్రోనియస్ కథలో సైనికుడు వెన్నెల్లో సమాధుల పక్కన బట్టలు విప్పేసి తోడేలవుతాడు. అతనూ పశువుల మీదికే పోయి, మెడలో ఈటె పోటుతో ఇల్లు చేరతాడు. 12వ శతాబ్దంలో మారీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి రాసిన తోడేలు ప్రభువు రాజుగారి కాళ్ల దగ్గర సాధువులా పడుకుంటాడు. తనకు ద్రోహం చేసిన భార్య కనబడ్డప్పుడు మాత్రం లేచి ముక్కు కొరికేస్తాడు. 1589లో జర్మనీలోని బెడ్‌బర్గ్ దగ్గర పీటర్ స్టంప్ అనే రైతును చిత్రహింసలు పెట్టి, తోడేలునై పిల్లల్ని తిన్నానని ఒప్పించి చంపారు. ఇలాంటి విచారణలు, వాటి మీద అచ్చయిన కరపత్రాలు మనిషి తోడేలుకు నరమాంసాన్ని ఖాయం చేశాయి. 1935లో ‘వేర్‌వుల్ఫ్ ఆఫ్ లండన్’, 1941లో ‘ది వుల్ఫ్ మ్యాన్’ వచ్చాక ఇక చెప్పేదేముంది, హాలీవుడ్‌కి మరో మేత రుచించలేదు.

మన దగ్గర గొల్ల కురుమలకు తోడేలు కొత్త కాదు. మంద పక్కన నిద్ర మానుకుని కాపలా కాసింది దాని కోసమే. అయినా మన కథల్లో మనిషి తోడేలుగా మారడం అరుదు. పులిగానో, పాముగానో, రాక్షసుడిగానో మారతాడు. అలా మారినవాళ్లలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు కల్మాషపాదుడు. పాపం, ఇతను గొర్రెతో సరిపెట్టుకున్న బాపతు కాదు.

లక్క ఇల్లు తప్పించుకున్న పాండవులు ద్రౌపదీ స్వయంవరానికి వెళుతూ గంగ ఒడ్డున ఒక గంధర్వుడితో తలపడతారు. ఓడిపోయిన ఆ గంధర్వుడే అర్జునుడికి స్నేహితుడై ఈ కథ చెబుతాడు. ఆదిపర్వం కాబట్టి తెలుగులో నన్నయ పాలికి వచ్చింది. ఇక్ష్వాకుల రాజు వేటాడి అలసిపోయి వస్తున్నాడు. అడవి దారి ఇరుకు, ఒక్కరే పట్టేంత. ఎదురుగా వసిష్ఠుడి పెద్దకొడుకు శక్తి. తప్పుకోమంటాడు రాజు. రాజే తప్పుకోవాలి, అదే ధర్మం అంటాడు శక్తి. ఎవరూ తగ్గరు. రాజుకు తిక్కరేగి కొరడాతో కొడతాడు. రాక్షసుడిలా కొట్టావు గనుక నరమాంసం తింటూ తిరగమని శక్తి శపిస్తాడు. మియాపూర్ చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి ఇలాంటి శాపాలు రోజుకెన్ని పడతాయో లెక్కలేదు. అదృష్టం కొద్దీ మన తిట్లు ఫలించవు.

వసిష్ఠుడంటే పడని విశ్వామిత్రుడు సమయం చూసుకుని కింకరుడనే రాక్షసుణ్ని రాజు ఒంట్లోకి పంపిస్తాడు. ఆ తర్వాత జరిగేదంతా వంటింటి వ్యవహారం. ఆకలిగొన్న ఒక బ్రాహ్మణుడు మాంసంతో భోజనం పెట్టించమని అడుగుతాడు. ఉండమని చెప్పి రాజు ఇంటికెళ్లి మరిచిపోతాడు. అర్ధరాత్రి మెలకువ వచ్చి గుర్తొస్తుంది. వంటవాణ్ని లేపితే, ఇంట్లో మాంసం లేదంటాడు. అయితే మనిషి మాంసమే పెట్టు అంటాడు రాజు. వంటవాడు ఎదురు చెప్పడు. నేరస్థుల్ని చంపే చోటికి వెళ్లి తెస్తాడు, వండుతాడు, అన్నంతో కలిపి తీసుకెళ్లి వడ్డిస్తాడు. దివ్యదృష్టితో చూసిన బ్రాహ్మణుడు విస్తరి తోసేసి రెండో శాపం పెడతాడు. ఇద్దరి శాపాలు కలిసి బిగుసుకున్నాయి.

అప్పుడు రాజు నేరుగా వెళ్లింది శక్తి దగ్గరికి. ఈ తిండి నాకు నువ్వే పెట్టావు కాబట్టి నీతోనే మొదలుపెడతానని చెప్పి మరీ తింటాడు. ప్రపంచంలో మనిషి మృగాలు చాలా ఉన్నాయి గానీ, మొదటి ముద్ద ఎవరిదో ఇంత తర్కంగా తేల్చుకున్నవాడు నాకు ఇంకొకడు కనబడలేదు. శపించినవాడికే శాపం తగిలింది, సరే. కానీ కథ అక్కడ ఆగదు. విశ్వామిత్రుడు ఉసిగొల్పగా వసిష్ఠుడి మిగతా కొడుకులందరూ వరసగా వెళ్లిపోతారు. వాళ్లు దారికి అడ్డం రాలేదు, శపించలేదు. మొదటి ముద్దకు కారణం ఉంది. రెండో ముద్ద నుంచి ఉన్నది ఆకలే.

15వ శతాబ్దంలో బమ్మెర పోతన భాగవతం నవమ స్కంధంలో చెప్పిన కథ వేరే దారిలో వస్తుంది. అక్కడ వంటవాడే మారువేషంలో ఉన్న రాక్షసుడు, తన అన్నను చంపిన రాజు మీద కసితో నరమాంసం వండాడు. తినబోయినవాడు వసిష్ఠుడు, శపించినవాడూ ఆయనే. తప్పు రాజుది కాదని తెలిశాక పన్నెండేళ్లకు తగ్గిస్తాడు. చేయని తప్పుకు శాపమా అని రాజు గురువుకే తిరుగు శాపం పెట్టడానికి దోసిట్లో నీళ్లు పడతాడు. రాణి మదయంతి చెయ్యి పట్టుకుంటుంది. మంత్రించిన నీళ్లు పారబోయడానికి చోటు వెతుకుతాడు. నేల మీద ప్రాణులు, ఆకాశంలో ప్రాణులు. ఎక్కడ పోసినా ఎవరో ఒకరు మాడిపోతారు. చివరికి తన పాదాల మీదే పోసుకుంటాడు. అవి నల్లబడిపోతాయి. పేరు అలా వచ్చింది.

అంత వివేకం ఉన్నవాడు కూడా అడవిలో జంటగా ఉన్న ఒక బ్రాహ్మణుణ్ని పట్టుకుంటాడు. భార్య బతిమాలుతుంది. నువ్వు రాక్షసుడివి కావు, ఇక్ష్వాకుల వంశంవాడివి, మదయంతి మగడివి అని గుర్తుచేస్తుంది. లోపల ఇంకా మనిషి ఉన్నాడేమోనని తలుపు తట్టి చూసిందన్నమాట. ఎవరూ పలకలేదు. తినేస్తాడు. భార్యను తాకితే చస్తావని ఆమె శపిస్తుంది. అందుకే శాపం తీరి ఇంటికొచ్చాక కూడా రాజుకు సంతానం లేదు. వసిష్ఠుడి దయవల్ల మదయంతికి అశ్మకుడు పుడతాడు.

ఆ అశ్మకుడు పౌదన్యమనే పట్టణం కట్టించాడంటుంది సంస్కృత భారతం. పదహారు మహాజనపదాల్లో దక్షిణాదికి దక్కింది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని మన నిజామాబాద్ జిల్లా బోధన్ అని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ అభ్యర్థులు ఈ బిట్టును బట్టీ కొడుతుంటారు. ఆ ఊరి మూలపురుషుడి తండ్రి పేరు సిలబస్‌లో ఉండదు.

పోతన తర్వాత నాలుగైదు శతాబ్దాలు ఒక్క గెంతులో దాటేస్తాను, డెస్కువాళ్లు మన్నించాలి. 1909లో థర్‌స్టన్, రంగాచారి దక్షిణాది కులాలు, తెగల గురించి తెచ్చిన సంపుటాల్లో ఏజెన్సీ కోందుల నమ్మకం ఒకటుంది. మనిషి ఆత్మలో సగం బయటికెళ్లి పులో, పామో అవుతుందట. ఎందుకంటే శత్రువును చంపడానికి, లేదంటే పశువుల్ని కడుపారా తినడానికి. అంతవరకే. అడవిలో ఆ పులిని ఎవరైనా చంపితే ఇంట్లో మనిషీ పోతాడు. పెట్రోనియస్ సైనికుడి మెడ గాయం మన్యం దాకా వచ్చినట్టుంది.

ఇక్కడి నుంచే నా వరస చెదురుతుంది. 1980లో ఏవీఎం వారి ‘పున్నమి నాగు’ వచ్చింది. చిరంజీవి అందులో పాములవాడు. చిన్నప్పటి నుంచి తండ్రి పాము విషం తినిపించి పెంచాడు. పున్నమి వస్తే మనిషి మనిషిలా ఉండడు, దగ్గరైన అమ్మాయి బతకదు. పున్నమి, మార్పు, చావు అన్నీ ఉన్నాయి, తోడేలు ఒక్కటే తక్కువ. కానీ విషం పెట్టింది తండ్రి, పోయేవి ఆడపిల్లల ప్రాణాలు. మొదటి ముద్దే అమాయకులది. కల్మాషపాదుడి తర్కం అక్కడ కూలిపోయింది. 2022లో హిందీ ‘భేడియా’ తెలుగులో ‘తోడేలు’గా వచ్చి మళ్లీ నిలబెట్టింది. అరుణాచల్ అడవిలో రోడ్డు వేయడానికి వచ్చిన కాంట్రాక్టరు తోడేలు కాటుకు గురవుతాడు. రాత్రిళ్లు అతని పళ్లకు చిక్కేది ఆ రోడ్డుకు సంతకాలు పెట్టినవాళ్లే.

నిజం తోడేళ్లు ఈ స్క్రిప్టులేవీ చదవవు. 2024 వానాకాలంలో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్‌లో పిల్లల్ని ఎత్తుకుపోయిన తోడేళ్ల కోసం ‘ఆపరేషన్ భేడియా’ నడిచింది. అదే ఏడాది వేసవిలో శంషాబాద్ విమానాశ్రయం గోడ దూకిన చిరుత మాత్రం బోనులో ఎర పెట్టిన మేకకు ఆశపడి దొరికిపోయింది. అమ్రాబాద్ అడవికి పంపారు.

మియాపూర్ వంతు అదే ఏడాది అక్టోబరు 18న వచ్చింది. ముందురోజే ఆశ్వయుజ పౌర్ణమి. మెట్రో స్టేషన్ వెనక పనిచేసే కూలీలు ఒక జంతువును ఫోన్‌లో వీడియో తీశారు. గంటలోపే అది చిరుతై అన్ని అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. అటవీ శాఖవాళ్లు వచ్చి పాదముద్రలు చూసి అడవి పిల్లి అని తేల్చారు. చిరుత పిల్లిగా మారిన కథ అంతటితో సమాప్తం. అందులో వింతేమీ లేదు. అడవి పిల్లికి కావలసింది పొదలు, నీళ్లు, ఎలుకలు. పక్కనే 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువుంది. 2017 నవంబరు 28న ప్రధాని వచ్చి జెండా ఊపి మొదటి మెట్రో రైలును పంపింది ఈ స్టేషన్ నుంచే. అప్పటికీ ఇప్పటికీ చుట్టూ పొదలు ఎంత తగ్గాయో ఇక్కడ ఫ్లాటు కొన్న ప్రతివాడికీ తెలుసు.

కాబట్టి డెస్కువాళ్లకు నా జవాబు: కథల్లో మృగంగా మారినవాడు ముందు తనను అలా చేసినవాణ్ని తింటాడు, ఆ తర్వాత ఎవర్నయినా తింటాడు. మియాపూర్ పిల్లి ఆ కథలు వినకపోవడం మనకు మంచిదే అయింది. విని ఉంటే మొదటి ముద్ద ఎవరో వెతకడానికి దానికి దివ్యదృష్టి అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కాగితాలు చాలు. వాటిలో నా పేరూ ఉంది.